షట్టరు మీద నాన్న

మా వీధికి మళ్ళీ ప్రాణం పోస్తామని కార్పొరేషన్ వాళ్ళు వచ్చినప్పుడు అందరికంటే ముందు తలూపింది నేనే. మిల్లు మూతపడ్డాక వీధిలో సగం కొట్లు మూతపడ్డాయి. మిగిలినవాళ్ళం ఈగలు తోలుకుంటున్నాం. మాది తాళాల కొట్టు. నాన్న పెట్టింది, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఆడమనిషి తాళాలేం బాగుచేస్తుందిలే అన్నవాళ్ళే, ఇంటి తాళంచెవి పారేసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు.

గోడల మీద బొమ్మలు వేస్తే జనం చూడ్డానికి వస్తారు, వీధి బాగుపడుతుంది అన్నది వాళ్ళ ఆలోచన. అందులో తప్పేం లేదు. తప్పల్లా ఆదివారాలు రావడంలో ఉంది. చిత్రకారులకు మిగతా రోజుల్లో ఉద్యోగాలట. ఆదివారం వీధంతా షట్టర్లు దించి ఉంటుంది కదా, వాళ్ళ కంటికి అవీ గోడల్లాగే కనపడ్డాయి. ఆరు ఆదివారాల్లో పదకొండు షట్టర్లు నింపేశారు. సోమవారం తొమ్మిదింటికి అవన్నీ పైకి పోతాయని ఒక్కరికీ తట్టలేదు. మాకు మాత్రం తట్టిందా ఏమిటి!

మా షట్టరు మీద, నేనిచ్చిన పాత ఫొటో చూసి, నాన్నను వేశారు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, పళ్ళ మధ్య తాళంచెవి, చేతిలో ఆకురాయి. చూసి బావురుమన్నాను. ఆ ఏడుపులోనే కార్పొరేషన్ ఆఫీసరు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టేశాను.

కాగితంలో ఏముందో వారం తర్వాత తెలిసింది. పది నుంచి ఐదు దాకా షట్టరు దించే ఉంచాలట. నేను పని చేసుకోవడానికి మిల్లు పాత గోడౌను వెనక ఓ బల్ల ఇస్తారట.

"జనం వచ్చేది బొమ్మ చూడ్డానికే కదమ్మా," అన్నాడు ఆఫీసరు.

"మరి నా కొట్టు?"

"వీధి బాగుపడాలా, వద్దా?"

ఒళ్ళు మండింది. అయినా నాలుగు రోజులు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. ఎందుకంటే అమ్మ. రోజూ పదింటికి వచ్చి ఎదురు అరుగు మీద కూర్చుని నాన్నను చూసుకునేది. ఆవిడ కళ్ళ ముందు ఆయన్ని చుట్టేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ నాలుగు రోజుల్లో నా బల్ల దగ్గరికి వచ్చింది ఓ కుక్క ఒక్కటే.

ఐదో రోజు ఇక ఆగలేకపోయాను. చూడొచ్చిన పాతికమందిని తప్పించుకుని వెళ్ళి షట్టరు తాళం తీశాను. ఆఫీసరు గబగబా అమ్మ దగ్గరికి పోయాడు.

"మీరైనా చెప్పండమ్మా. ఎత్తేస్తే ఆయన కనపడరు."

అమ్మ లేచి వచ్చి, నాన్న కళ్ళజోడు మీది దుమ్ము అరచేత్తో తుడిచింది.

"బతికుండగా ఈయన పనిరోజున పగలు షట్టరు దించింది ఒక్కసారే. ఇది పుట్టినప్పుడు," అంది. నా వైపు తిరిగింది. "ఎత్తవే. ఆయనేమీ అనుకోరు."

ఎత్తాను. ముందు కళ్ళజోడు పోయింది, తర్వాత చేతులు. లోపలికెళ్ళి నాన్న స్టూలు మీద కూర్చుని, పళ్ళ మధ్య తాళంచెవి పెట్టుకుని ఆకురాయి అందుకున్నాను. పాతికమందీ ఫోన్లు దించి నన్నే చూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ ముందుకొచ్చి సూట్‌కేసు నా ముందు పెట్టింది. తాళం పడటం లేదట.

ఇప్పుడు కార్పొరేషన్ వాళ్ళు జనాన్ని ఎనిమిదింటికే తీసుకొస్తున్నారు. అమ్మా అప్పుడే వస్తుంది. గంటసేపు నాన్నను చూసుకుంటుంది. తొమ్మిది కాగానే, "ఇక చాల్లే, ఎత్తు," అంటుంది.