కత్తెర కోత

క్లబ్బు తోటమాలిని అందరూ కత్తెరాయన అనేవారు. లాన్ కోయడానికి ఆయన చేత్తో తోసే పాత మెషిన్ తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. అందులో గుండ్రంగా తిరిగే కత్తులు కింది పట్టీకి ఆనుకుని, గడ్డిపోచను కత్తెరలా కత్తిరిస్తాయి.

"పెట్రోలు మెషిన్ కోయదు అల్లుడూ, కొట్టి చింపుతుంది. చిరిగిన కొస ఎండకి మాడిపోతుంది" అని అల్లుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

ఆయన మంచం పట్టాక లాన్ పని అల్లుడి మీద పడింది. పాత మెషిన్‌తో అతనికి తల ప్రాణం తోకకొచ్చేది. కత్తులకు పదును పెట్టాలి, పట్టీ సరిచెయ్యాలి, మధ్యలో కాగితం ముక్క పెట్టి తెగుతుందో లేదో చూడాలి. మామగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, చప్పుడు వినేవాళ్ళెవరూ లేరు కదా అని క్లబ్బువాళ్ళు కొన్న పెట్రోలు మెషిన్ బయటికి తీశాడు. పోనీ దాన్నైనా తిన్నగా వాడాడా అంటే అదీ లేదు. మామగారి మీద గౌరవం కొద్దీ సరిగ్గా ఆయన కోసే ఎత్తుకే దాన్ని దించాడు. పాత మెషిన్ నేలకు అంత దగ్గరగా కోసినా గడ్డికి ఏమీ కాదు. కొత్తది మిట్టగా ఉన్న చోటల్లా మట్టిదాకా గీకి పారేసింది. గౌరవం చూపించడానికి మహానుభావుడికి ఇంకో చోటు దొరకలేదు.

పెద్దాయన ఇంటికి తిరిగొచ్చేసరికి లాన్ పాలిపోయి, మధ్యమధ్య మాడిన మచ్చలతో ఉంది. వాళ్ళ ఇల్లు క్లబ్బు ఆవరణలోనే; ఆయన మంచం పక్క కిటికీలోంచి లాన్ తప్ప మరేమీ కనబడదు. జబ్బు కళ్ళకు కూడా పాకవచ్చని డాక్టరు ముందే చెప్పి పంపాడు.

"ఏ మెషిన్‌తో కోశావు?" అని అడిగాడు పెద్దాయన.

"మనదే మామయ్యా."

"కాగితం తెగిందా?"

"తెగింది."

"మరి నాకెందుకు ఎండినట్టు కనబడుతోంది?"

నిజం అల్లుడి నాలుక చివరిదాకా వచ్చింది. "పచ్చగానే ఉంది మామయ్యా" అన్నాడు.

పెద్దాయన కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "అయితే ఓ గుప్పెడు పీక్కురా. కొసలు నలగనివ్వకు. తడిమి చూస్తాను."

అల్లుడు లాన్‌లో కూర్చుని గడ్డి ముట్టుకున్నాడు. కొసలు పీచులు లేచి ఉన్నాయి. ఇవి తీసుకెళ్ళి ఆ చేతిలో పెడితే చాలు, నోరు విప్పే పని కూడా లేదు. కానీ సిగ్గేసి వాటిని అక్కడే వదిలేశాడు. ఇంట్లోకెళ్ళి భార్య కుట్టుపెట్టెలోంచి కత్తెర తీశాడు. షెడ్డు వెనకాల మెషిన్ వెళ్ళని మూల గడ్డి ఏపుగా ఉంది. దాని కొసలు సమానంగా కత్తిరించి, ఓ గుప్పెడు పీకి తెచ్చాడు.

పెద్దాయన కళ్ళు మూసుకుని, బొటనవేలితో కొసలన్నీ తడిమాడు.

"కోత శుభ్రంగా ఉంది. నిన్ను ఊరికే అనుమానించాను" అన్నాడు. గడ్డి పక్కన పెట్టి, "అయితే చెడింది నా కళ్ళే అన్నమాట. పోనీలే, లాన్ బాగుంది. ఆ కర్టెన్ వేసెయ్. తప్పుగా చూసేకంటే చూడకపోవడమే నయం" అన్నాడు.

అల్లుడు కర్టెన్ వేశాడు. పెద్దాయన కళ్ళు తెరవలేదు.

కూతురు పాలగ్లాసుతో వచ్చి మంచం మీద కూర్చుంది. "నాన్నా, ఓసారి ఇటు చూడు."

"వద్దమ్మా. చూపు పోతోంది. నీ ముఖం నాకు బాగా గుర్తుంది. అదైనా చెడకుండా ఉండనీ."

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. భర్త వైపు తిరిగి, "మీరైనా చెప్పండి. మీ మాటైతే వింటారు" అంది.

జేబులో కత్తెర తొడకు గుచ్చుకుంటోంది. అతను కర్టెన్‌లో వెలుతురు వస్తున్న సందు చూసి, దాన్ని కూడా మూశాడు.