వాయిద్యం మాటున

మిల్లులో కూర్చుని పనిచేసే స్టూళ్లు తీసేసిన పదకొండో రోజున ఆమెను నూలు బండి మీద పడుకోబెట్టి బయటికి తోసుకొచ్చారు. నేను హాలు గుమ్మంలో నిలబడి చూశాను. ఏడో నెల. నూలు చుట్టే రీలింగ్ సెక్షన్లో పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. కళ్లు తిరిగి పడిపోతూ చెయ్యి ఆనిస్తే మిషను ఆగిపోయింది. బండి తోస్తున్నవాడు ఆమె అన్న, మా ఫిట్టరు. ముందు నడుస్తున్న సూపర్‌వైజరు వెనక్కి తిరిగి, "నూలుకి మరకలంటకుండా చూడు" అన్నాడు.

మర్నాడు గేటు మీద కాగితం అంటించారు. అనుమతి లేకుండా మిషను ఆపినందుకు ఆమెను పనిలోంచి తీసేశారు.

ఆ కాగితం చదివాను. చేతిలో క్లారినెట్ ఉంది. దాన్ని తుడుస్తూ నిలబడ్డాను.

మా హాలు మిల్లు వెనక ఉంది. ఒకప్పుడు రంగులు నిలవ చేసిన పొడుగాటి గది. కిటికీలు లేవు. పైన నాలుగు గాలి కన్నాలు, ఒకే ఒక్క తలుపు. గోడల్లోని నీలం వానాకాలంలో ఇప్పటికీ చెమరుస్తుంది, ఆనుకుని కూర్చుంటే వీపుకి అంటుతుంది. ఎప్పుడో కంపెనీకి మంచి బుద్ధి పుట్టిన రోజున ఆ గదిని సంగీత సంఘానికి రాసిచ్చింది. ఆ సంఘానికి కార్యదర్శిని నేనే, సభ్యులందరూ కూడా నేనే. మిల్లు ఆవరణలో మీటింగు పెడితే పని పోతుంది. కచేరీ పెట్టుకుంటే పోదు. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను వాయించేవాణ్ణి, మిల్లు పనివాళ్లు ఆ మాటున మాట్లాడుకునేవాళ్లు.

గుసగుసలు అనుకునేరు. మిషన్ల హోరులో ఇరవయ్యేళ్లు పనిచేసినవాళ్లకి గుసగుస రాదు. చెవిలో రహస్యం చెబుతున్నామనుకుంటూ వీధి చివరికి వినపడేలా అరుస్తారు.

"మెల్లగా మాట్లాడవే, బయట వాచ్‌మన్ ఉన్నాడు!"

"మెల్లగానే కదే మాట్లాడుతున్నాను!"

రెండూ కేకలే. ఆ కేకల మీద నేను దుప్పటి కప్పాలి. వాదన ముదిరితే పై స్వరానికి ఎక్కాలి, ఎవరైనా ఏడిస్తే ఒకే స్వరం పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపు లాగాలి. పద్నాలుగేళ్లు అలా వాయించాను. ఒక్కరూ వినలేదు. ఓటింగు పెట్టినప్పుడు అందరి చేతులూ లేచేవి, నా చేతులు రెండూ క్లారినెట్ మీద ఉండేవి. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. నోట్లో వాయిద్యం ఉన్నవాణ్ణి ఎవరడుగుతారు? అది నా దురదృష్టమని చాలాకాలం అనుకున్నాను. అది నాకు సౌకర్యంగా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఆదివారం వాళ్లు తేల్చుకున్నారు: స్టూళ్లు వెనక్కి వచ్చి, ఆమెను మళ్లీ పనిలోకి తీసుకునేదాకా రీలింగ్ సెక్షన్ తిరగదు. బుధవారం మేనేజరు నాకు కబురు పెట్టాడు.

"రండి మాస్టారూ, కూర్చోండి." ఆ గదిలో మెత్తటి కుర్చీలు నాలుగున్నాయి. "హాలు గోడౌనుకి కావాలంటున్నారు పైవాళ్లు. నా మనసుకే కష్టంగా ఉంది. మిమ్మల్ని ఉత్త చేతులతో పంపిస్తామా? ఘనంగా వీడ్కోలు కచేరీ పెడదాం. ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇన్నేళ్లలో ఆ గదిలో మిమ్మల్ని ఎవరైనా విన్నారా?"

నేను కుర్చీ అంచుకి జరిగాను.

"ఈ ఆదివారం వింటారు. ఒక్కడు నోరెత్తడు. నేను చూసుకుంటాను."

బల్ల మీద కాగితం జరిపాడు. కచేరీ ముగియగానే సంఘం తరఫున హాలును ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నానని ఉంది. చదివాను. చదవలేదని చెప్పను. చదువుతున్నంతసేపూ నా లోపల ఒక నిశ్శబ్దమైన హాలు, నా వైపు తిరిగిన ముఖాలు కనిపించాయి. సంతకం పెట్టాను.

కచేరీ సంగతి రీలింగ్ పెద్దమ్మకి చెప్పాను. కాగితం సంగతి చెప్పలేదు. ఆ సెక్షన్లో అందరికన్నా పాతది ఆవిడ, అందరికీ పెద్దమ్మే.

"వీడ్కోలా? ఎవరికిరా?" అంది.

"హాలుకి. ఎలాగూ పోతుంది కదా పెద్దమ్మా. మర్యాదగా..."

"ఎలాగూ పోతుందని నీకెవడు చెప్పాడు? నీకు ఏడవడానికి ఒక సభ కావాలి. మాకు కూర్చోడానికి ఒక స్టూలు కావాలి. రెండూ ఒకటి కాదురా నాయనా."

పక్కనున్న ఫిట్టరు నవ్వాడు. "పోనీలే పెద్దమ్మా, అన్న వాయించేది ఒక్కసారైనా విందాం. ఇన్నేళ్లూ నీ గొంతే విన్నాం."

"నీ చెల్లెలు మంచాన పడుంటే నీకు జోకులొస్తున్నాయా?"

"ఏడిస్తే స్టూళ్లిస్తారంటే చెప్పు, ఇప్పుడే మొదలుపెడతాను."

ఆదివారం మూడింటికి హాలు నిండిపోయింది. ముందు వరసలో మేనేజరు, అతని పక్కన పోలీసు ఇన్‌స్పెక్టరు, తర్వాత ఆఫీసువాళ్లు. వెనకంతా మిల్లు. అందరూ లోపలికి వచ్చాక తలుపుకి బయటినుంచి గొళ్లెం పడింది. ఆ చప్పుడు ఎవరూ విననట్టే కూర్చున్నారు. గాలి కన్నాల్లోంచి నాలుగు వెలుగు ముక్కలు నేల మీద పడ్డాయి.

వాయించడం మొదలుపెట్టాను. మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. ఎవరూ నోరెత్తలేదు.

నేను కోరుకున్న నిశ్శబ్దం అదే. ఆ నిశ్శబ్దంలో నన్ను నేను మొదటిసారి విన్నాను. ఎక్కడ పడితే అక్కడ స్వరం అవసరం లేకుండా పెద్దదవుతోంది, కారణం లేకుండా సాగుతోంది. దెబ్బ లేని చోట కట్టు కట్టినట్టుంది. పద్నాలుగేళ్లలో నా వేళ్లు నేర్చుకున్నది సంగీతం ఒక్కటే కాదు. వీళ్ల గొంతులు ఎక్కడ లేస్తాయో, ఎక్కడ విరుగుతాయో నేర్చుకున్నాయి. ఆ గొంతులు తీసేస్తే నా దగ్గర మిగిలింది ఇంతే. మేనేజరు తల ఆడిస్తున్నాడు. అతనొక్కడే వింటున్నాడు.

ముగించాలి. ముగిస్తే హాలు కంపెనీది. ముగించకపోతే ఎంతసేపు? పెదవులు అప్పుడే మొద్దుబారుతున్నాయి. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దిగాను, అందులోంచి ఇంకోదాంట్లోకి. మేనేజరు గడియారం చూసుకున్నాడు. నేను కళ్లెత్తి వెనక వరసల వైపు చూశాను. నా చూపులో ఏముందో నాకు తెలియదు. పై స్వరానికి ఎక్కాను. వాళ్ల వాదనలు ముదిరినప్పుడు ఎక్కే చోటికే.

అలవాటు బలమైనది. నాలుగో వరసలో పెద్దమ్మ పక్కామె చెవి దగ్గరికి వంగి, గుసగుసలాడుతున్నాననుకుని, హాలంతా అదిరేలా అంది:

"మొదటి మాట, స్టూళ్లు!"

మేనేజరు వెనక్కి తిరిగాడు. ఫిట్టరు అందుకున్నాడు. "రెండోది, నా చెల్లెలు!"

"మూడోది ఈ హాలు!" ఎవరో ఆడగొంతు.

ఒక్కసారిగా హాలు హాలైంది. ఆ కేకల మీద క్లారినెట్ పరుచుకుంటూ పోయాను. నిజం చెబుతున్నాను, అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు, ఎవరూ వినలేదు.

ఇన్‌స్పెక్టరు లేచాడు. "ఏయ్, ఆపు!"

మేనేజరు నవ్వుతూనే లేచి చేతులు చాపాడు. "ఆపండి మాస్టారూ. చాలు. కచేరీ అయిపోయింది."

వాయిస్తే నేను వాళ్ల మాటలకి ముసుగు. ఆపితే కచేరీ ముగిసి మేనేజరు కాగితం అమలవుతుంది. రెండు వైపులా గోడే. ఇన్‌స్పెక్టరు లాఠీ కొన వచ్చి నా మణికట్టు మీద ఆగింది. క్లారినెట్ నోట్లోంచి తీశాను.

పెద్దమ్మ గొంతు ఆగలేదు.

"...స్టూలు వచ్చి, ఆ పిల్లని పనిలోకి తీసుకునేదాకా మిషను తిరగదు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి!"

వాయిద్యం ఆగిన సంగతి ఆమె చెవులకి తెలియలేదని కొందరంటారు. నేను ఆవిడ ముఖం చూశాను. నా వైపే చూస్తోంది. తెలుసు. ఏ దుప్పటీ లేకుండా, ముందు వరసలో పోలీసుని పెట్టుకుని మాట్లాడుతోంది. ఒక చెయ్యి లేచింది. తర్వాత వరసలు వరసలుగా చేతులు. క్లారినెట్‌ని కుర్చీలో పడుకోబెట్టాను. పద్నాలుగేళ్లుగా బరువు మోసిన చెయ్యి పైకి ఎత్తడానికి ఇంత కష్టమా అనిపించింది. ఎత్తాను.

గొళ్లెం తీశారు. మమ్మల్ని బయటికి పంపడానికి కాదు, పోలీసులు లోపలికి రావడానికి. కుర్చీలు విరిగాయి. జుట్టు పట్టుకుని లాగారు. ఇరవైముగ్గురిని ఒక వ్యానులో కుక్కారు. ఒకరి మోకాలు ఇంకొకరి కడుపులో. ఫిట్టరు కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది.

వ్యాను గేటు దాటి ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. వ్యాను కిటికీ ఇనుప జల్లెడకి కన్ను ఆనించి చూశాను. సాయంత్రం షిఫ్టుకి వచ్చినవాళ్లు రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. నిలబడి నిలబడి వాచిన కాళ్లు ముందుకి చాపుకుని, ఎవరూ లేవకుండా.

"ఎక్కడ ఆగాంరా?" అంది పెద్దమ్మ చీకట్లోంచి.

"రెండు తేలాయి. మూడోది తేలలేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"హాలు సంగతి. ఎవరు మాట్లాడతారు?"

"నేను." పెదవులు వాచి మాట సరిగ్గా రావడం లేదు. "కచేరీ అవగానే హాలు అప్పగిస్తానని బుధవారం సంతకం పెట్టాను. చదివే పెట్టాను. మీకు చెప్పలేదు."

వ్యానులో ఎటూ జరగడానికి లేదు. ఎవరి ముఖమూ తప్పించుకోవడానికి లేదు. ఒకామె ఉమ్మింది, నా కాలి పక్కనే పడింది.

"థూ! ఇన్నేళ్లూ మన మధ్యే కూర్చుని..."

"తిట్లు తర్వాత," అన్నాడు ఫిట్టరు, రక్తం తుడుచుకుంటూ. "వాడెక్కడికీ పారిపోలేడు, మనమూ పోలేం. ముందు ఆ కాగితం సంగతి చూడండి. సంఘం సంతకమంటే వాడొక్కడిదే చాలా? సభ్యులందరిదీ కావాలా?"

"సభ్యులెవరున్నారు? నేనొక్కణ్ణే," అన్నాను.

"అయితే రాసుకో," అంది పెద్దమ్మ. "ఇప్పుడు సభ్యులం ఇరవైముగ్గురం. నన్ను మొదట రాయి."

"నన్ను రెండు!"

"ఏం రెండు? నీకంటే ముందు నేను పుట్టాను!"

పదిమంది ఒకేసారి అరిచారు. బయటినుంచి పోలీసు జల్లెడ మీద లాఠీతో బాదుతూ నోరు మూయమన్నాడు. ఎవరూ గొంతు తగ్గించలేదు.