మూత తీయని కారు

పళ్ళ డాక్టరుగారికి కారంటే ప్రాణం. అందులో తప్పేం లేదు, చాలామంది మగవాళ్ళకున్న జబ్బే. కాకపోతే ఆయన కొన్నది మామూలు కారు కాదు. మీట నొక్కితే గుడ్డ కప్పు దానంతటదే వెనక్కి మడతపడి, నెత్తిమీద ఆకాశం కనిపించే కారు. కొన్న రోజున భార్యతో, "చూస్తుండు, కప్పు తీసేసి చెరువుగట్టు రోడ్డంతా తిప్పుతా. నీ జుట్టు ఎటు పోతోందో నీకే తెలీదు," అన్నాడు. ఆవిడ నమ్మింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి కూడా మొగుడి మాట నమ్మడం ఆవిడ గొప్పతనం.

మూడేళ్ళయింది. కప్పు ఒక్కసారీ తెరుచుకోలేదు.

కారణం దుమ్ము. వాళ్ళింటికి ఎదురుగా బండలు కోసే షాపుంది. పొద్దున మిషను మొదలైతే సాయంత్రం దాకా పిండి జల్లించినట్టు తెల్లటి పొడి వీధంతా పడుతుంది. షాపువాడి మీద కోపగించుకుని లాభం లేదని డాక్టరుగారు దుమ్ము మీదే కోపం పెంచుకున్నాడు. క్లినిక్కుకి వెళ్ళబోయే ముందోసారి, వచ్చాకోసారి, కప్పు కుట్లలో ఇరుక్కున్న పొడిని పసిపిల్లలు వాడే మెత్తటి టూత్‌బ్రష్షుతో తీసేవాడు. అద్దాల చుట్టూ ఉండే రబ్బరుని చిగుళ్ళనేవాడు. "పళ్ళకంటే ముందు చిగుళ్ళు చూసుకోవాలి," అంటూ దానికి మైనంలాంటిదేదో రాసేవాడు. ఇంట్లో బ్రష్షు కనపడకపోతే ఎక్కడ వెతకాలో ఆవిడకు తెలుసు.

"ఇవాళైనా కప్పు తీద్దామా?" అని ఆవిడ అడిగేది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అని ఆయన అనేవాడు.

ఆ సామెత వినీ వినీ ఆవిడకు అడుసు మీదే మనసు పడింది.

ఆయనకు ఇంకో మాట కూడా అలవాటు. క్లినిక్కులో రోజంతా చెప్పిందే మళ్ళీ ఇంట్లో భోజనాల దగ్గర చెప్పేవాడు. "రెండు వైపులా నములు. నమలని వైపే గార పడుతుంది." ఆవిడ బుద్ధిగా రెండు వైపులా నమిలేది.

ఒకరోజు ఆయన సంబరంగా ఇంటికొచ్చాడు. "కారుకి నిండా ముసుగు కుట్టిస్తున్నా. గుడారాలు కుట్టే మేస్త్రి ఉన్నాడుగా, అతనికి చెప్పా. ఇక దుమ్ము ఏం చేస్తుందో నేనూ చూస్తా."

"మరి బయటికి ఎప్పుడు తీస్తాం?"

"ఏదైనా దూరం వెళ్ళాల్సొస్తే చూద్దాం. క్లినిక్కు ఎంత దూరమని? నడక ఒంటికి మంచిది."

ఆవిడ ఇన్నాళ్ళూ ఇవాళ కాకపోతే రేపు అనుకుంది. ముసుగంటూ పడితే ఇక ఆ చెరువుగట్టూ లేదు, ఆ గాలీ లేదు. కారు లేకపోతే లేదనుకోవచ్చు. కళ్ళెదుట పెట్టుకుని లేదనుకోవడమే కష్టం. ఆ పూట ఆవిడ ఒక వైపే నమిలింది.

మర్నాడు డాక్టరుగారు క్లినిక్కులో ఉండగా మేస్త్రి టేపు పట్టుకుని వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, బుర్ర గోక్కున్నాడు.

"అమ్మా, కప్పు మడవండి. కొలతలు తీసుకోవాలి."

"మడవాలా?"

"మడవకుండా ఎలాగమ్మా? గుడారం నిలబెట్టి ఉండగా దానికి సంచి కుడతామా? మడిచాకే కదా ముసుగు."

అతని లెక్క అతనిది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుడారాలు కుట్టిన మనిషికి మడిచే గుడ్డ కనిపిస్తే ఇంకేం తోస్తుంది? మా ఆయన దీన్ని ఎప్పుడూ మడవరండీ అని చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది. తెరిచిన నోరు మెల్లిగా మూసుకుంది. లోపలికెళ్ళి, మేకుకి వేలాడుతున్న తాళం తెచ్చింది.

సీట్లో కూర్చుని మీట నొక్కింది. ఎక్కడో కిర్రుమంది. కప్పు ఆలోచించుకుంటున్నట్టు కాస్త ఆగి, లేచి, వెనక్కి వాలింది. మడతల్లోంచి ఆవిడ భుజమ్మీద ఇంత తెల్లపొడి రాలింది. తలెత్తితే మబ్బు కనిపించింది. ఎంత బాగుందో! కదలని కార్లో, ఇంటి ముందు, బండల మిషను మోత వింటూ కూర్చున్నా సరే, బాగుంది.

"అయిపోయిందమ్మా, ఇక దిగొచ్చు," అన్నాడు మేస్త్రి.

"వెనక వైపు ఇంకోసారి కొలవండి. తొందరేముంది?"

మేస్త్రి వెళ్ళాక ఆవిడ కప్పు మళ్ళీ మూసేసింది. సాయంత్రం డాక్టరుగారు రాగానే అడిగాడు. "కొలతలు సరిగ్గా తీసుకున్నాడా?"

"చాలా జాగ్రత్తగా తీసుకున్నాడు," అని ఆవిడ తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే ముసుగొచ్చింది. బూడిదరంగు గుడ్డ, గట్టి కుట్లు, అంచంతా తాడు. డాక్టరుగారు మురిసిపోతూ ముందు నుంచి తొడిగాడు. కప్పు దాకా వచ్చి ఆగిపోయింది. వెనక్కి లాగితే ముందు లేచింది, ముందుకి లాగితే వెనక తేలింది. పొట్టి దుప్పటితో పొడుగాటి మనిషి పడే అవస్థే.

"ఏం మేస్త్రీ, సగం గుడ్డ మీ ఇంటి కిటికీలకి కట్టావా?"

"కప్పు మడవండి డాక్టరుగారూ, అతికినట్టు సరిపోతుంది."

"నేను కప్పు మడవనయ్యా!"

మేస్త్రి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మడవరా? మరి మడిచే కారెందుకు కొన్నారు?"

డాక్టరుగారు నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు. "కొలతలు తీసేటప్పుడు నువ్విక్కడే ఉన్నావుగా?"

"ఉన్నా."

"కప్పు ఎవరు మడిచారు?"

"నేనే."

"నేను తీయనని తెలుసుగా. అతనికి ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"మీకు మూడేళ్ళుగా చెబుతున్నా," అంది ఆవిడ. "ఏం లాభమైంది?"

నవ్వుతూ అనాలనుకుంది గానీ నవ్వు రాలేదు. ఆయన అది గమనించాడు. ముసుగు పక్కకి లాగేసి, కార్లో కూర్చుని మీట నొక్కాడు. కప్పు కిర్రుమంటూ వెనక్కి వాలింది. ఒళ్ళో తెల్లపొడి రాలింది. వెనక్కి వంగి మడతల మధ్య రబ్బరు మీద వేలు పెట్టి చూస్తే గోరుకి కూడా రాని గట్టి పొర.

"రోజూ రెండు పూటలా తోముతున్నానే! ఇంత గార ఎక్కడిది?"

"నమలని వైపు," అంది ఆవిడ.

ఆయన కాసేపు వేలు చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. ముందు సిగ్గుతో, ఆ తర్వాత పొట్ట పట్టుకుని.

మేస్త్రి మాత్రం అయోమయంగా నిలబడ్డాడు. "విప్పి మళ్ళీ కుట్టమంటారా?"

"వద్దులే. కొలత సరిగ్గానే ఉంది. అక్కడ పెట్టి వెళ్ళు, తిరిగొచ్చాక మేమే వేసుకుంటాం." ఆవిడ కోసం తలుపు తెరిచాడు. "రా, కూర్చో."

చెరువుగట్టు మీద గాలి ఆవిడ జుట్టు ముడి విప్పేసింది. క్లిప్పు ఎక్కడ పడిందో తెలీదు, వెతకలేదు కూడా. దారిలో ఎవరికో తెలియనివాళ్ళకి చెయ్యి ఊపింది. ఇంత సంతోషం ఇంత చిన్న పనిలో ఉంటుందా అనుకుంది. ఆయన మొదట అద్దం మీద దుమ్ము చూస్తూ నడిపాడు. గట్టు సగానికొచ్చేసరికి ఆవిడని చూస్తూ నడిపాడు. "రోడ్డు చూడండి," అని ఆవిడే అరవాల్సొచ్చింది.

ఇంటికొచ్చేసరికి సీట్లమీద, స్టీరింగు మీద, అంతటా సన్నటి దుమ్ము. డాక్టరుగారి చెయ్యి అలవాటుగా జేబులో బ్రష్షు కోసం వెళ్ళింది. పక్కకి చూశాడు. ఆవిడ కనుబొమల మీద, బుగ్గల మీద, రెప్పల మీద కూడా దుమ్మే. బ్రష్షు వదిలి రుమాలు తీశాడు.

"ముందు మీ కారు చూసుకోండి, చిగుళ్ళు పాడైపోతాయి."

"కారెక్కడికి పోతుంది? కదలకు," అని బుగ్గ తుడవడం మొదలుపెట్టాడు. ఊళ్ళో కనిపించిన వాళ్ళందరినీ నోరు తెరవమనే మనిషి, "నోరు మూసుకో, దుమ్ము పోతుంది," అన్నాడు.

అంత నవ్వొస్తుంటే నోరెలా మూసుకుంటుంది!