అడగకుండా అంటించిన నిప్పు

విన్నీ భుజానున్న ఆకులూదే మిషను సరిగ్గా అప్పుడే ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది. ఎదురుగా మనిషెత్తు మంట, ఈటెగడ్డిని నమిలేస్తూ వస్తోంది. వెనక తీగల అడవి. వందేళ్ళుగా ఆడవాళ్ళు దుంపలు తవ్వుకునే చోటు, వాళ్ళమ్మ ఆమెను నడుముకు కట్టుకుని తిరిగిన చోటు. ఆ రెంటికీ మధ్య, ఆకులు ఊది నేల బయటపెట్టిన రెండు బారల వెడల్పు గీత. అది కూడా సగమే పూర్తయింది.

"నీ మిషను పడకేసింది," అని అరిచింది తోటి రేంజరు కోరా, పచ్చికొమ్మతో నిప్పురవ్వల్ని బాదుతూ. "అచ్చం మీ ఆయనే. పని పడ్డప్పుడే పడుకుంటుంది."

నవ్వే తీరిక లేదు. పొగలో గద్దలు కిందికీ పైకీ దూకుతున్నాయి. సెప్టెంబరు నెల, గడ్డి ఎముకలా ఎండిపోయి ఉంది. ఈ కాలంలో ఎవరూ నిప్పు పెట్టరు. పెట్టేదంతా జూన్‌లోనే, ఇక్కడి చలికాలంలో, గడ్డిలో మంచుతడి ఇంకా కాస్త మిగిలుండగా, చిన్న చిన్న ముక్కలుగా పెట్టి అయిపోవాలి.

ఆలివ్ చిన్నమ్మ గీత అంచున నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. పాదాలకు చెప్పుల్లేవు, చేతిలో అగ్గిపెట్టె ఉంది. మంట నలభై అడుగుల దూరంలో ఉండగా ఆమె విన్నీ వైపు తిరిగి, ఏదో పెళ్ళిపిలుపుకు వచ్చినంత మర్యాదగా అడిగింది.

"కాపుదారూ, ఇక్కణ్ణుంచి ఎదురు నిప్పు పెట్టనా?"

ఆ నేల ఆలివ్‌ది, ఆలివ్ తండ్రిది, అతని తండ్రిది. కానీ సొంతదారు తన నేలలో తనిష్టప్రకారం నిప్పు పెట్టడానికి లేదు. ఆ నేల ఎవరికి తల్లివైపు నేల అవుతుందో వాళ్ళే కాపుదార్లు. వాళ్ళు సరేననాలి. విన్నీ తల్లి ఆలివ్‌కు స్వయానా అక్క. అక్క పోయాక, పోయినవాళ్ళ పేరు పలకని ఆచారం కొద్దీ ఆమె పేరు ఎవరూ పైకి అనలేదు గానీ ఆమె కూతురికి కాపుదారు హక్కు వచ్చింది. విన్నీని ఎత్తుకుని పెంచిన చేతులే ఇప్పుడు విన్నీని అనుమతి అడుగుతున్నాయి. ఆ ఉదయం కూడా అడిగింది. చిత్తడి దగ్గర బురదలో దాక్కున్న పొడవుమెడ తాబేళ్ళను వెతకడానికి గట్టు మీద కాస్త గడ్డి కాల్చనా అని. ఆగ్నేయం గాలి బాగా ఉంది, వద్దు చిన్నమ్మా అంది విన్నీ. ఆలివ్ అగ్గిపెట్టె సంచిలో వేసుకుని ఉత్త చేతులతో బురదలోకి దిగింది.

"పెట్టు చిన్నమ్మా!"

ఆలివ్ పుల్ల గీసింది. చిన్న మంట గీత అంచున పుట్టి, పెద్ద మంట గాలిని లాగుతుంటే దానికేసి పాకింది. రెండూ కలుసుకున్న చోట ఒక్కసారి ఆకాశమంత లేచి, కాల్చడానికి ఏమీ మిగలక కూలబడ్డాయి. తీగల అడవిలో ఒక మూల కాలింది. మిగిలినది నిలిచింది.

ముగ్గురూ ఆడ రేంజర్ల బండి నీడలో కూలబడి నీళ్ళు తాగుతుండగా అందులోని వైర్లెస్ రేడియో పలికింది. లెస్టర్ గొంతు. విన్నీ మొగుడు, ఈ నేలనూ తీరాన్నీ కాచే రేంజర్లకు పెద్ద. సముద్రం మీద, పడవలో ఉన్నాడు. పొద్దున్నే కొట్టుకొచ్చిన వలలు ఏరడానికి వెళ్ళాడు.

"డంకన్, పొగ చూశావా? ముసలమ్మలే. తాబేళ్ళ కోసం గట్టు అంటించి వదిలేశారు. ఆడాళ్ళకి ఆ బండి ఇవ్వద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

డంకన్ ఆఫీసులో ఉండే తెల్లాయన, రేంజర్ల పనులు చూసేవాడు. "రేపు పొద్దున మీటింగులో తేల్చుదాం. వచ్చేటప్పుడు ఆడవాళ్ళ బండి తాళం తెచ్చి నాకిమ్మను," అన్నాడు. తీరమంతా రేడియోలు ఉన్నాయి. తీరమంతా వింది.

ఆలివ్ నోరెత్తడానికి లేదు. పెళ్ళాం చిన్నమ్మ కూడా అత్తే, అల్లుడి మాటకు అత్త బదులు చెప్పకూడదు. అల్లుడు అత్త ముఖం చూడకూడదు, ఆమె ఉన్న గదిలోకి రాకూడదు, ఒకరి పేరు ఒకరు ఎత్తకూడదు. అది అగౌరవం కాదు, ఆ ఊళ్ళో అంతకు మించిన గౌరవం లేదు. ఆలివ్ మసి అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, రేడియో వైపు వీపు తిప్పుకుని కూర్చుంది.

"బండి పోతే ఇక్కడికి నడిచి రాలేను కదే," అని మాత్రం అంది విన్నీతో. "నా నేల చూడకుండానే పోతానేమో."

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే విన్నీ ఇంటి వెనక తొట్టి దగ్గర బట్టలు ఉతుకుతోంది. ఒళ్ళంతా పొగవాసనతో వచ్చింది. తన చొక్కా కంటే ముందు లెస్టర్ చొక్కా. మొదట్నుంచీ అంతే. రేంజర్లు అనే మాట పుట్టకముందే ఆడవాళ్ళు ఈ నేలంతా నడిచి కాల్చారు, తవ్వారు, కలుపు పీకారు. రేంజరు చొక్కాలు వచ్చినప్పుడు పన్నెండు వచ్చాయి, పన్నెండూ మగవాళ్ళ కొలతలు. ఆరేళ్ళ తర్వాత ఆడవాళ్ళకు నాలుగు వచ్చినప్పుడు లెస్టర్ నవ్వాడు, 'దుంపలు తవ్వడానికి కూడా బ్యాడ్జీ కావాలా?' అని. లెస్టర్ తల్లి అయితే, 'మా వాడి చొక్కా ఇస్త్రీ చేశాకే నీది తొడుక్కో' అంది, ఏదో సరదాగా అన్నట్టు. అప్పుడు విన్నీ కూడా నవ్వింది. ఎన్ని మాటలకు నవ్వింది తను! పడవ డ్రైవింగు పరీక్ష ప్యాసైన రోజు 'పడవెక్కితే పిల్లలకి వండేదెవరు?' అన్నాడు, నవ్వింది. అతని రిపోర్టులన్నీ తనే రాస్తుంటే 'నువ్వు రాసేది కాగితం, నేను చేసేది పని' అన్నాడు, దానికీ నవ్వింది. ఇక అత్తకీ అల్లుడికీ మధ్య ఇరవై రెండేళ్ళుగా మాటలు మోసింది. చిన్నమ్మ 'నీ మొగుడికి బుద్ధి లేదా' అంటే, ఇటు వచ్చి 'కాస్త జాగ్రత్తగా ఉండమంది' అని చెప్పింది. అతను 'మీ ముసల్దానికి పనేం లేదా' అంటే, అటు వెళ్ళి 'కులాసాగా ఉన్నావా అని అడిగాడు' అని చెప్పింది. మాటల్లోని ముళ్ళన్నీ ఏరి అందించింది. ఆ ముళ్ళు ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు.

అతని మేజోడు చేతిలోకి తీసుకుంది. వేలికి చురుక్కుమని గుచ్చుకుంది.

ఈటెగడ్డి గింజ. ఒకటి కాదు. మేజోడు నిండా ఉన్నాయి, పొడవాటి తోకలతో ఉన్నికి మెలితిరిగి. రెండో మేజోట్లోనూ అంతే. కొన్ని గింజల తోకలు మాడి నల్లగా ఉన్నాయి. ప్యాంటు అంచున ఉప్పు తెల్లగా కట్టింది. దాని పైన, మోకాలి దగ్గర, డీజిలూ పెట్రోలూ కలిపిన వాసన.

రోజంతా పడవలో వలలు లాగిన మనిషి మేజోళ్ళలో గడ్డి గింజలు ఎందుకుంటాయి?

ఒక్కో గింజా పీకి గట్టు మీద వరసగా పెట్టింది. ఈ పని ఆమెకు కొత్త కాదు. ఇన్నేళ్ళుగా అతని మేజోళ్ళలోంచి గింజలు పీకుతూనే ఉంది. ఆ గింజలు ఆమెతో మాట్లాడటం మాత్రం ఇదే మొదటిసారి.

లెస్టర్ వరండాలోంచి కేకేశాడు. "ముసల్దానా, టీ ఏది?" ఆ ఊళ్ళో పెళ్ళాన్ని ముసల్దానా అనడం, మొగుణ్ని ముసలోడా అనడం ముద్దే. అతని పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

టీ ఇచ్చి, "ఇవాళ ఒడ్డున ఎక్కడైనా దిగావా?" అని అడిగింది.

"దిగడమా? పొద్దుట్నుంచీ నీళ్ళ మీదే. నడుం విరిగింది," అన్నాడు, కప్పులోకి చూస్తూ.

ఆమె చెప్పులేసుకుని రేంజర్ల షెడ్డుకు నడిచింది. నిప్పు డబ్బా మేకుకు వేలాడుతోంది. మూతికి వత్తి ఉండే ఎర్ర డబ్బా, నడుస్తూ నిప్పు చుక్కలు రాల్చడానికి వాడతారు. సోమవారం తనే డీజిలూ పెట్రోలూ కలిపి నిండా నింపి, షెడ్డుకు తాళం వేసింది. తాళంచెవులు రెండే. ఒకటి తన మెడలో, ఒకటి అతని నడుముకు. డబ్బా ఎత్తి చూసింది. ఖాళీ. అడుగున తడిసి ఆరిన తెల్ల ఇసుక అంటుకుని ఉంది. అలాంటి తెల్ల ఇసుక చిత్తడి దగ్గర ఉండదు, మొగలి పొదల తీరంలోనే ఉంటుంది. ఆ తీరానికి పడవ తప్ప దారి లేదు.

అప్పుడు జూన్ గుర్తొచ్చింది. కాల్చిన చోట్లు గుర్తుపెట్టే మ్యాపులో ఆ మొగలితీరం గడి ఖాళీగా ఉంటే అడిగింది, అక్కడ కాల్చారా అని. 'కాల్చేశా, రాసెయ్' అన్నాడు, చేపల గాలం సర్దుకుంటూ. తనను అడగకుండా ఎలా కాల్చావని ఆమె అడగలేదు. ఆ తీరానికీ కాపుదారు తను. అది అడగాల్సింది. పెళ్ళాన్ని అనుమతి అడగడమేమిటని అతను అనుకున్నాడు. మొగుణ్ని నిలదీయడమేమిటని ఆమె అనుకుంది. గడికి నలుపు రంగు వేసింది. వచ్చే వారం పట్నం నుంచి హెలికాప్టర్లో తనిఖీకి వస్తున్నారు. పైనుంచి చూస్తే ఆ గడి నల్లగా కనిపించాలి. అందుకని సెప్టెంబరులో, ఈ గాలిలో, ఎవరికీ చెప్పకుండా దిగి నల్లగా చేశాడు. నిప్పు అతని చేయి దాటింది. పొగ పైకి లేచాక, బదులు చెప్పలేని మనిషి మీదికి తోశాడు.

విన్నీ డబ్బాను మేకు మీంచి తీసింది. ఇంటికి కాదు, ఆఫీసు బీరువాలోకి పట్టుకెళ్ళి తాళం వేసింది.

పొద్దున ఆఫీసు ముందు చింతచెట్టు కింద అందరూ చేరారు. లెస్టర్ పడవల షెడ్డు పక్కన, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఇస్త్రీ చేసింది విన్నీయే, మామూలుగా. చెట్టుకు అవతలి వైపు ఆలివ్ నేల మీద, అల్లుడికి వీపు పెట్టి కూర్చుంది. కోరా ఆమె పక్కన.

డంకన్ చేయి చాపాడు. "తాళం ఇవ్వు విన్నీ. నాకూ ఇష్టం లేదు. కానీ ఏం చేయను?"

"ఒక్క నిమిషం. చిన్నమ్మను అడిగావా?"

"ఎలా అడుగుతాను? లెస్టర్ ఉండగా ఆమె మాట్లాడదు కదా."

"నేనున్నాగా. ఇరవై రెండేళ్ళుగా ఆ పనికే ఉన్నాను."

ఆలివ్ తల తిప్పకుండానే అంది, "అమ్మాయ్, అటు చెప్పు. నా నేలలో పుల్ల గీయాలంటే నా అక్క కూతుర్ని అడుగుతాను. పళ్ళూడిన దాన్ని, చిన్నపిల్లలా అడుగుతాను. అడగకుండా అంటించినవాడికి సిగ్గూ శరం లేవని చెప్పు."

విన్నీ షెడ్డు వైపు తిరిగింది. అందరూ ఆమె మామూలుగా చెప్పే మెత్తని మాట కోసం చూశారు.

"అడగకుండా అంటించినవాడికి సిగ్గూ శరం లేవట," అంది. ఒక్క ముల్లు కూడా తీయలేదు.

లెస్టర్ ముఖం మారింది. "ఏం మాట్లాడుతున్నావ్? ఇంటికి పద."

విన్నీ బీరువా నుంచి తెచ్చిన నిప్పు డబ్బాను బల్ల మీద పెట్టింది. దాని పక్కన, రుమాలు విప్పి, గడ్డి గింజలు.

"డంకన్, నిన్న ఆగ్నేయం గాలి. నిప్పు గాలికి ఎదురెక్కదు. చిత్తడి దగ్గర అంటిస్తే అడవికి దూరంగా, అవతలికి పోయేది. ఇది ఆగ్నేయాన ఉన్న మొగలితీరం నుంచి వచ్చింది. డబ్బాలో తీరం ఇసుక ఉంది. ఈ గింజలు రోజంతా నీళ్ళ మీద ఉన్న మనిషి మేజోళ్ళలోవి. ఇంకోటి. జూన్‌లో మొగలితీరం కాల్చారని మ్యాపులో రాసింది నేను. చూడకుండా రాశాను. అది నా తప్పు, నా పేరుతోనే రాసుకో."

"ముసల్దానా," అన్నాడు లెస్టర్, గొంతు తగ్గించి, రెండడుగులు ముందుకొచ్చి. "ఇది మనిద్దరి మధ్య మాట. ఇంట్లో మాట్లాడుకుందాం. పిల్లల ముఖం చూడు."

"ఇంట్లో నేను నీ పెళ్ళాన్ని," అంది విన్నీ. "ఇక్కడ కాపుదారుని. నువ్వు అడగాల్సింది ఈ కాపుదారుని."

చెట్టుకు అవతల ఆలివ్ లేచి నిలబడింది. ఇప్పటికీ ఇటు తిరగలేదు. తిరగకూడదు. సముద్రం వైపు చూస్తూ, పెద్ద గొంతుతో, ఊరంతా వినేలా అడిగింది. అలా అడిగితే కాపుదారు చెప్పి తీరాలి.

"కాపుదారూ! మీ అమ్మ నేలను నిన్నడగకుండా కాల్చిందెవరు?"

విన్నీ బండి తాళాన్ని కోరా చేతిలో పెట్టింది. చింతచెట్టు కింద అందరి ముఖాలూ ఒక్కసారి చూసింది. చివరికి అతని ముఖం కూడా.

"లెస్టర్," అంది.