పాలు ఆపిన పూట

క్రాంతి పుట్టుకతోనే నీలంగ ఉన్నడు. ఏడ్చినప్పుడల్లా పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతుండె. గుండె నుంచి ఊపిరితిత్తులకు నెత్తురు పోయే తొవ్వ ఇరుకుగ ఉన్నదని హైదరాబాద్ డాక్టర్లు చెప్పిన్రు. నెలల పిల్లగానికి ఇప్పుడే పెద్ద ఆపరేషన్ వద్దని, పెన్ను రీఫిలంత సన్న గొట్టమొకటి లోపల కుట్టి, నెత్తురుకు పక్కతొవ్వ చేసిన్రు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ తల్లి వినీతను కూసోబెట్టి చెప్పింది.

"ఆ గొట్టంల నెత్తురు గడ్డ కట్టిందంటే బాబు ప్రాణానికే ముప్పు. అందుకే ఈ ఆస్పిరిన్ గోళీ రోజూ వెయ్యాలె. ఇంకోటి చూడమ్మా, వాంతులో విరేచనాలో అయితే ఒంట్ల నీళ్లు తగ్గి నెత్తురు చిక్కబడ్తది. అప్పుడు గోళీ వేసినా గడ్డ కట్టొచ్చు. పాలు ఆపొద్దు. వెంటనే దవాఖానకు తీస్కపోవాలె."

వినీత పెనిమిటి మల్లేశ్ భివండిల బట్ట నేసే సాంచాల మీద పనిచేస్తడు. సిద్దిపేటల కిరాయింట్ల ఉండేది వినీత, అత్త కొమురవ్వ, పిల్లగాడు. వినీత గోళీ పొడి చేసి చెంచాడు నీళ్లల్ల కలిపితే, కొమురవ్వ మనుమని తలకాయ పట్టుకొని తాగిపిస్తుండె. మెల్లమెల్లగ పిల్లగాని పెదవులకు ఎరుపొచ్చింది. నవ్వుడు నేర్చిండు.

ఎండకాలంల రాయపోల్‌ల వినీత మేనత్త చనిపోయింది. పసిపిల్లగాన్ని చావింటి జనంలకు తీస్కపోవుడెందుకని ఇంట్లనే ఇడిచి బయలెల్లింది.

"అత్తమ్మా, గోళీ మర్వకు."

"మరుస్తనా బిడ్డా? నువ్వు పోయిరా."

విరేచనాల మాట చెప్పాలని వినీతకు తట్టలే. పిల్లగాడు బాగనే ఉన్నడాయె.

ఆమె పోయిన తెల్లారి పిల్లగానికి విరేచనాలు పట్టుకున్నయి. తన పిల్లలకు అట్లైనప్పుడు ఏం చేసిందో కొమురవ్వ ఇప్పుడూ అదే చేసింది. సీసపాలు ఆపింది. కడుపు ఖాళీగుంటే అదే కడ్తదనుకున్నది. ఏడిస్తే జాజికాయ అరగదీసి నాలుకకు రాసింది. కోడలికి ఫోన్ చెయ్యలే. చావింట్ల ఉన్న పిల్లను ఇంకింత బెదరగొట్టుడెందుకని ఊకున్నది. గోళీ మాత్రం మర్వలే.

పొద్దుగూకుతుండంగ వినీత ఇల్లు చేరింది.

"గిట్ల పండుకున్నడేంది అత్తమ్మా?"

"పొద్దటి నుంచి విరేచనాలు బిడ్డా. పాలు ఆపిన. ఇప్పుడు నెమ్మదించినయి. ఏడ్వకుంట పండుకున్నడు."

వినీత ఎత్తుకుంటే పిల్లగాని మెడ వాలిపోయింది. నాలుక ఎండిపోయింది, మాడు గుంట పడ్డది. పెదవులు చూసి ఆమె చెప్పులు కూడ తొడగకుండ రోడ్డు మీదికి ఉరికి ఆటో ఆపింది.

దవాఖానల డ్యూటీ డాక్టరు పిల్లగాని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, జాగలు మార్చి మార్చి ఇన్నది.

"గొట్టంల నెత్తురు పారితే చప్పుడు రావాలె. వస్తలేదు," అన్నది.

ఆక్సిజన్ పెట్టిన్రు. సెలైన్ ఎక్కించిన్రు. గడ్డ పెరగకుండ మందు సూదిల ఇచ్చి, అంబులెన్సుల హైదరాబాద్ పంపిన్రు. తొవ్వ పొడుగునా వినీత పిల్లగాని అరికాళ్లు రుద్దుతనే ఉన్నది. ఎంత రుద్దినా వేడెక్కలే.

ఛాతీ మళ్ల తెరిచి గొట్టం మార్చిన్రు. పిల్లగాడు బతికిండు. కానీ తెలివికొచ్చినంక కుడిచెయ్యి కదలలే, కుడికాలు కదలలే. ఇంకో గడ్డ మెదడుకు పోయిందన్నరు.

"నడుస్తడా మేడం?"

"చిన్నోడు కదా, కొంత రావొచ్చు. ఎంతనేది ఇప్పుడు చెప్పలేనమ్మా."

మల్లేశ్ భివండి నుంచి వచ్చిండు. దవాఖాన వరండాల కొమురవ్వ కొడుకు కాళ్ల కాడ కూలవడ్డది.

"నేనే చేసిన కొడుకా. పాలు నేనే ఆపిన."

మల్లేశ్ తల్లిని లేపి బెంచీ మీద కూసోబెట్టిండు. అత్త పగతోని చెయ్యలే, పట్టనట్టు ఉండి చెయ్యలే. చెప్పాల్సిన మాట వినీతనే చెప్పలే. ఇవన్నీ ఆమెకు ఎరుకనే. ఎరుకైనా అత్త మొఖం చూడబుద్ధి కాలే.

మల్లేశ్ కొన్నాళ్లుండి మళ్ల భివండికి పోయిండు. ఇంట్ల వినీత రోజూ పిల్లగాని చెయ్యిని మెల్లగ వంచుడు, చాపుడు చేస్తున్నది, డాక్టర్లు చూపించినట్టే. కొమురవ్వ వంట చేస్తది, బట్టలు పిండుతది, పిల్లగాని దగ్గరికి మాత్రం రాదు. పిలవనిది ఎట్ల వస్తది?

ఒకనాడు పొద్దుగూకినంక అన్నం పెట్టుకొచ్చి గడప కాడ నిలబడ్డది.

"జరసేపు నాకియ్యి బిడ్డా. నువ్వింత తిను."

"పండుకున్నడు అత్తమ్మా," అన్నది వినీత, తల ఎత్తకుంటనే.

మనుమడు కండ్లు తెరిచే ఉన్నడని కొమురవ్వకు గడప కాడి నుంచే కనవడ్తున్నది. సరే బిడ్డా అని, పళ్లెం కింద పెట్టి వాకిట్లకు పోయింది.