రిలీవర్ రాని షిఫ్టు

పొద్దు గుంకాక ఆకాశం మళ్ళీ ఎర్రబడింది.

అది పొద్దు ఎరుపు కాదు. ఉక్కు ప్లాంటులో ఎక్కడో ఓవెన్ లోంచి మండే బొగ్గును బయటికి తోశారు. పవర్ హౌస్ వెనక సందులో, వంటింటి కిటికీ ఊచల మీద, పోలమ్మ ముంజేతుల మీద ఆ ఎరుపు ఒక్క క్షణం నిలిచింది —

పోయింది.

వంటింట్లో మంట మాత్రం పోలేదు. స్టవ్ మీద రెండు బర్నర్లూ మండుతున్నాయి. వాటి మీద గిన్నె లేదు.

స్టవ్ ముందు ఆమె మొగుడు. నరసింగరావు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు చికిలించి, మంటనే చూస్తూ...

బతుకంతా కోక్ ఓవెన్లలో మంట చూసే పనే చేశాడు. అక్కడ ఓవెన్ల వరసను, అదే బ్యాటరీని, ఒకసారి వెలిగిస్తే ఆర్పరు. చల్లారితే గోడల్లో ఇటుకలు పగులుతాయి. రిలీవర్ — తర్వాతి షిఫ్టు మనిషి — వచ్చి నిలబడేదాకా ఎవడూ తన చోటు వదలడు.

అన్నీ మరిచాడు. ఈ రెండూ మరవలేదు.

కిందటి నెల కర్టెన్ అంటుకుంది. ఇవాళ పొద్దున కొడుకు రాజాబాబు వేలు చూపించి చెప్పాడు. "బస్, అమ్మా. ఇంకోసారి నాన్న స్టవ్ ముట్టుకుంటే రాయ్‌పూర్ హోమ్‌లో పెట్టీడమే. పక్కా."

హోమ్ అట. తాళం వేసే చోటికి ఎంత మెత్తని పేరు!

వయసు, అన్నారు అందరూ. వయసు, వయసు... పక్కింటాయనకీ అదే వయసు. పేకాటలో ఒక్క ముక్క మరవడు.

పెద్దాసుపత్రిలో డాక్టర్ ఇంద్రజ ఒక్కతే వయసు అని ఊరుకోలేదు. "మెదడులో కాపలా కణాలుంటాయి ఆంటీ. చెత్త ఊడుస్తాయి. ఏదైనా చెడితే మంట రేపి కాపాడతాయి. పనయ్యాక చల్లబడాలి. అంకుల్‌లాంటి వాళ్ళలో చల్లబడవు. చెత్తతో పాటు బతికున్న నరాల అతుకుల్నీ తినేస్తాయి. జబ్బుకి ఇదొక్కటే కారణం కాదు... ఇదీ ఒకటి."

"మరి చాలు, ఆపండని ఆటికి సెప్పీవోళ్ళు నేరేటి?"

"వెతుకుతున్నారు ఆంటీ."

వెతుకుతున్నారు!

కాపలా అట. ఎవరి తిండి తిని కాపలా? ఆమె కాచిన అంబలి తిని. ఆమె వండిన ఎండుచేపల పులుసు తిని. ఆమె చేతి ముద్దతో బలిసిన కాపలా — ముందుగా ఆమె పేరునే తినేసింది.

దొంగ వచ్చి దోచుకుంటే తిట్టడానికి ఒక మొహం ఉంటుంది. ఇంట్లో వాడే... లోపలి నుంచే... కాపాడుతున్నాననుకుంటూనే...

ఎవర్ని తిట్టాలి?

పక్కింటి గౌరీదేవి ఒకరోజు పొడి డబ్బా తెచ్చింది. "దీదీ, భయ్యాకి పాలల్లో కలిపియ్యి. ఇమ్యూనిటీ పెరుగుతుంది."

"పెంచుతారా? తినీసింది సాల్నేదా? ఇంకా మేపుతారా?"

పొడి మురుక్కాలవలో పడింది. గౌరీదేవి ఆ రోజు నుంచి పలకరించడం లేదు. పలకరించకపోతే మానె.

వీధి చివర రాజాబాబు స్కూటర్ చప్పుడు.

పోలమ్మ స్టవ్ నాబ్ మీద చెయ్యి వేసింది. నరసింగరావు ఆ చెయ్యి ఒడిసి పట్టాడు.

"ఎవుర్తివే నువ్వు? ఆర్పీస్తావేటి? ఇటుకలు పగిలిపోతే నీ బాబు కట్టిస్తాడా?"

"నేనండీ. పోలమ్మని!"

ఆ పేరు వెళ్ళి మంటలో పడింది. ఆయన మొహంలో ఏమీ కదలలేదు. "రిలీవరు రాకండా నానిక్కడ్నుంచి కదల్ను."

మణికట్టు మండుతోంది. స్కూటర్ దగ్గరవుతోంది.

ఆమె చెయ్యి విడిపించుకుంది. వంటింట్లోంచి బయటికి నడిచింది. చెంగు నడుముకి దోపింది. మళ్ళీ లోపలికి వచ్చింది — వేరే మనిషిలా, గుమ్మంలో చెప్పుల చప్పుడు చేస్తూ.

"ఏటి నరసింగ్ భయ్యా, ఇంకా ఎల్నేదా? రిలీవర్ని, వచ్చీసాను."

పెళ్ళయ్యాక మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. భయ్యా అన్న మాట నాలుక మీద కాలింది.

ఆయన తలెత్తాడు. "లేటేటి?"

"ఆటో దొరకనేదు."

"రోజూ అదే కత సెప్తావు." విసుక్కున్నాడు. ఎన్నాళ్ళకో, ఆ విసుగులో పాత మనిషి. "రెండూ బాగున్నాయి. సల్లారనీకు."

"సల్లారనీను."

భుజాలు దించాడు. చోటు వదిలాడు. వెళ్ళి నవారు మంచం మీద కూర్చున్నాడు.

ఆమె రెండు నాబులూ తిప్పింది. అబద్ధమాడిన వేళ్ళతో తిప్పింది.

రాజాబాబు వచ్చాడు. స్టవ్ చూశాడు. తండ్రిని చూశాడు. చెప్పులు విప్పి గదిలోకి పోయాడు. హోమ్ మాట లేదు — ఇవాళ్టికి.

పోలమ్మ మొగుడి పక్కన కూర్చుని తల మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. ఈ మనిషికైతే ఒక్క మాట చాలింది. మరి ఈ తల లోపలున్న వాళ్ళకి? చెత్తంతా ఊడ్చేసినా చీపురు దించని వాళ్ళకి, ఇల్లు తింటూ ఇంటికి కాపలా అనుకునే వాళ్ళకి —

ఏ గుమ్మంలోంచి వచ్చి చెప్పాలి?

"మీ షిఫ్టయిపోనాది," అంది, నెరిసిన ఆ జుట్టులోకి. పళ్ళు బిగించి అంది. "ఎల్లండి. ఎల్లండర్రా..."

ఎవరూ కదల్లేదు.

కిటికీ ఊచల మీద, కమిలిన ఆమె మణికట్టు మీద ఆకాశం మళ్ళీ ఎర్రబడింది.