మనోడే, ఇడిసిపెట్టున్రి

నాచారంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరి ఆరు నెలలు కూడా కాలేదు, ధర్మేందర్ అప్పుడే సగం డాక్టరైపోయాడు. అక్క ఉమారాణికి లూపస్ జబ్బని తేలిన రోజు నుంచీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే పాఠం.

"యాంటీబాడీలంటే మన ఒంట్ల కాపలోళ్లక్కా. వాళ్లు మనిషిని మొత్తం సూడరు, ఏదో ఓ ముక్క సూసి పట్టుకుంటరు. సచ్చిన కణాలను సక్కగ ఊడ్వకపోతే లోపలుండాల్సిన డీఎన్ఏ, ప్రొటీన్లు బయటపడ్తయి. వీళ్లు పరాయియి అనుకొని వాటికి అతుక్కుంటరు. ఆ గుంపంత పొయ్యి కిడ్నీలల్ల కూసుంటది."

"సొంతోళ్లనే గుర్తువట్టరా? అంత తెలివితక్కువోళ్లా?" అంది ఉమారాణి, వాచిన వేళ్ళు చూసుకుంటూ.

"మస్తు తెలివితక్కువోళ్లు," అన్నాడు ధర్మేందర్, తనకేదో మినహాయింపు ఉన్నట్టు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. ఉమారాణి స్టెరాయిడ్ మాత్రలు అయిపోయాయి. ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఉప్పల్‌లో షాపులన్నీ బంద్. నాచారంలో ఒకాయన షట్టరు సగం ఎత్తి మాత్రలిస్తే జేబులో వేసుకుని బండి మీద బయల్దేరాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బంద్ చేయిస్తున్న నలుగురు ఆపారు.

"ఏడికన్నా?"

ల్యాబ్‌లో కోస్తా సార్ల ముందు నాజూగ్గా మాట్లాడాలని చేరినప్పటి నుంచీ సానపట్టిన నాలుక సరిగ్గా అప్పుడే పనిచేసింది.

"మా అక్కకి మందులు తీసుకెళ్తున్నానండి. కొంచెం దారిస్తారా?"

"అండి అంటుండు," అన్నాడొకడు. బండి తాళం వాడి చేతిలోకి పోయింది. "ఏ ఊరు మీది? ఏలూరా?"

"ఉప్పలేనండి. నిజమండి."

భయం పెరిగేకొద్దీ అండీలు పెరిగాయి. ఒకదాన్ని కప్పిపుచ్చడానికి ఇంకోటి ఊడిపడుతోంది. నాలుగో అండికి గుంపు పన్నెండు మందయింది. అక్క మాత్ర వేసుకోవాల్సిన టైం దాటిపోతోంది. ఏడుపొక్కటే తక్కువ.

"అరె జర ఇడువున్రన్న, గోళీ ఎయ్యకుంటే మా అక్క పానం మీదికొస్తది. బిక్షపతి కొడుకును నేను, కల్లు కంపౌండ్ ఎన్క ఇల్లు."

గుంపులోంచి ఒకడు వంగి చూశాడు. "బాలనర్సమ్మ పెద్దమ్మ కొడుకు గాదుర? మనోడే, ఇడిసిపెట్టున్రి. మరి గప్పటిసంది గట్ల మాట్లాడ్తవేందిర?"

ఇంట్లో ఉమారాణి మాత్ర మింగి, కథంతా విని, గ్లాసు పక్కన పెట్టింది.

"మనిషిని సూడలె. ఓ ముక్క సూసి పట్టుకున్నరు. అంతేనా?"

"అంతేనక్కా."

"ఆ ముక్క వాళ్లకు సూపెట్టిందెవరు? రేపటిసంది తిన్నగ మాట్లాడు."

"అలాగేనండి," అన్నాడు ధర్మేందర్.